ఇనుముకు ముసలితనం ఉందా?

చాలా కాలం తరువాత ఈ పుట మీద నాలుగు అక్షరాలు వ్రాస్తున్నాను. ఛందస్సు, పాత పత్రికలు, మా ఊరి జాతరల గురించి వ్రాసుకునే చోట ఈసారి ట్రాక్టరు గురించి వ్రాయబోతున్నానంటే మిత్రులు నవ్వుకుంటారని తెలుసు. నవ్వినా ఫరవాలేదు, చివరి దాకా చదవండి. చెప్పదలచిన మాటకు మన భాషతో కూడా సంబంధం ఉంది.

2022 సంక్రాంతికి అనకాపల్లి దగ్గరి మా ఊరు వెళ్ళినప్పుడు పెరట్లో పాత ఇనుము కొనే వ్యాపారి కనిపించాడు. పశువుల శాల పక్కన పద్దెనిమిదేళ్ళుగా కదలకుండా నిలబడి ఉన్న మా హెచ్.ఎం.టి. 2511 ట్రాక్టరు చుట్టూ తిరుగుతూ, వేలితో కొట్టి చూస్తూ, కిలోల లెక్కన ధర చెబుతున్నాడు. టన్నున్నర పైచిలుకు ఇనుము. అమ్మ సగం ఒప్పుకొంది. నాన్నగారు పోయిన తరువాత దానిని చూసే దిక్కు లేదు. వర్షం నీరు, కోళ్ళు, పొగగొట్టంలో కుమ్మరి పురుగుల గూళ్ళు, ఇవీ దాని సంసారం. నేను వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో ఆ క్షణాన నాకే స్పష్టంగా తెలియదు. ఆ కారణం వెదకడమే ఈ టపా.

ముందు ఆ ట్రాక్టరు పుట్టుక చెప్పాలి. బెంగుళూరులో 1953లో యంత్ర పరికరాల తయారీకి వెలసిన ప్రభుత్వరంగ సంస్థ హెచ్.ఎం.టి. గడియారాలతో ఇంటింటికీ తెలిసిన పేరు. అదే సంస్థ 1971లో హర్యానాలోని పింజోరులో ట్రాక్టర్ల తయారీ మొదలుపెట్టింది. నమూనా చెకోస్లొవేకియాలోని బ్ర్నో నగరంలో పుట్టిన జెటార్ ట్రాక్టరుది. రెండు సిలిండర్లు, 25 అశ్వశక్తి. ఆడంబరం లేని యంత్రం. అదే 1971లో, జనవరి 20న, విశాఖ ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. ఈ రెండు సంగతులకూ పొత్తు లేదని మీరు అనుకోవచ్చు. మా ఇంట్లో మాత్రం ఉంది.

మా మేనమామది గాజువాక అవతల, కర్మాగారం కోసం సేకరించిన పల్లెలలో ఒకటి. శంకుస్థాపన జరిగిందే కాని, ఏళ్ళ తరబడి పని సాగలేదు. డెబ్భైలలో ఆ పల్లెల వారు “వస్తుందో రాదో” అనుకుంటూ దున్నుకుంటూనే ఉన్నారు. ఆ సందిగ్ధంలోనే మా మామయ్య 1977లో బ్యాంకు అప్పు చేసి ఈ ట్రాక్టరు కొన్నాడు. 1979లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది, 1982లో రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ ఏర్పడింది. పనులు ఊపందుకున్నాయి. భూమి వెళ్ళిపోయింది, ట్రాక్టరు మిగిలింది. 1983లో దానిని స్వయంగా నడుపుకుంటూ మా ఊరు తెచ్చి, నాన్నగారికి అప్పగించి, “నాకెలాగూ బూమి నేదు బావా, దీనికైనా సూపించు” అన్నాడట. అమ్మ ఈ మాట ఎన్నిసార్లు చెప్పిందో లెక్క లేదు.

విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అన్న నినాదం మనకందరికీ గర్వకారణం. 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలు కోల్పోయారు. 1992 ఆగస్టు 1న అప్పటి ప్రధాని పి.వి. నరసింహారావు ఆ కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. ఆ గర్వంలో నాకూ వాటా ఉంది. కాని ఆ కొలిమి కింద ఎవరి మడిచెక్క ఉందో మరచిపోకుండా ఉండడానికి మా ఇంట్లో ఒక గుర్తు ఉంది. దానిని కిలోల లెక్కన అమ్మడం నాకు నచ్చలేదు. ఇది మొదటి కారణం. ఇది కేవలం మమకారమే. మమకారంతో ఎవరినీ ఒప్పించలేమని తెలుసు కనుక తక్కిన కారణాలు చెబుతాను.

*

ఊరిలో అందరూ ఒకే మాట అన్నారు. “కంపెనీ మూసేశారు, సామాను దొరకదు.” అందులో నిజం ఉంది. 2016 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం హెచ్.ఎం.టి. ట్రాక్టర్ల విభాగం మూసివేతకు ఆమోదం తెలిపింది. తయారుచేసిన వారు లేని యంత్రం తల్లిదండ్రులు లేని బిడ్డ వంటిది. అయినా గాజువాక ఆటోనగర్‌లో ఒక వృద్ధ మేస్త్రీ ఉన్నాడని విని, ఆయనను వెంటబెట్టుకొని వచ్చాను. ఆయన ముందు ఇంజను వంక చూడలేదు. డిప్‌స్టిక్కు లాగి నూనె చూశాడు, వాసన చూశాడు, ఫ్లైవీలును గడ్డపారతో కదపబోయాడు. కదలలేదు. అప్పుడు అన్నాడు: “ఇంజను సావనేదు బాబూ. తుప్పు పట్టీసింది, అంతే. ఓపికుంటే లెగుస్తాది.”

ఆ ఓపిక నాలుగు నెలలు పట్టింది. పొగగొట్టానికి మూత లేకపోవడంతో వాననీరు లోపలికి దిగి, పిస్టను రింగులు లైనర్లకు అంటుకుపోయాయి. కిరసనాయిలు, డీజిలు కలిపి సిలిండర్లలో పోసి వారం రోజులు నానబెట్టి, రోజుకు కొంచెంగా కదిపితే ఎనిమిదో నాడు ఒక టక్ శబ్దంతో వదిలింది. ఆ శబ్దం విన్న అమ్మ వంటింట్లో నుండి పరుగున వచ్చింది. లైనర్లు పాడైపోయాయి కాని, అవి ఇంజను దిమ్మెలో విడిగా కూర్చునే రకం. పాతవి లాగి కొత్తవి దించవచ్చు, దిమ్మెను బోరు కొట్టించనక్కరలేదు. ఏదో ఒకనాడు అరిగిపోతుందని ముందే ఒప్పుకొని, అరిగిన భాగాన్ని మాత్రం మార్చుకునే ఏర్పాటుతో యంత్రాన్ని నిర్మించారు. ఈ వినయం ఈనాటి వస్తువులలో ఎంత అరుదో మీ చేతిలోని ఫోను బ్యాటరీ మార్చబోతే తెలుస్తుంది.

లైనర్లు, పిస్టన్లు పంజాబు నుండి లారీ ట్రాన్స్‌పోర్టులో వచ్చాయి. డీజిలు పంపు, నోజిళ్ళు పరీక్ష యంత్రం మీద పెట్టి సరిచేయించాము. క్లచ్చి ప్లేటు ఫ్లైవీలుకు అతుక్కుపోయి ఉంటే ఊడదీసి కొత్త లైనింగు వేయించాము. హైడ్రాలిక్ లిఫ్టు షాఫ్టుకు ఉండే బుష్షు మాత్రం ఎక్కడా దొరకలేదు. ఆటోనగర్‌లో ఒక లేతు మిషను మీద గన్ మెటల్ కడ్డీ నుండి దానిని తిరగేశారు. అరిగిన పాతదాని కొలత పనికిరాదు కనుక, షాఫ్టు కొలిచి, నూనె పొరకు ఎంత సందు వదలాలో లెక్కకట్టి చేశారు. ఆ లేతు మీద పనిచేసినాయన ఓడల మరమ్మతు పనిలో చేయి తిరిగినవాడు.

విశాఖ గొప్పతనం ఇక్కడే ఉంది. 1933లో రేవు తెరిచారు. 1941లో నౌకా నిర్మాణ కేంద్రం మొదలై, 1948లో ‘జల ఉష’ నీటిలోకి దిగింది. రైల్వే వారి డీజిలు షెడ్డు, చేపల రేవులో మరపడవల ఇంజన్లు బాగుచేసే కొట్లు, ఆపై ఉక్కు కర్మాగారం. ఇన్ని తరాల ఇనుప పని ఒకే ఊరిలో పోగుపడింది. ఈ ఊరి అసలు సంపద రేవులో దిగే సరుకుతో పాటు ఈ చేతులు కూడా. వాటికి శిలాఫలకం లేదు.

*

ఇంజను లేస్తే చాలదు. పనిముట్లు లేని ట్రాక్టరు గిత్తలు లేని బండి. ఇక్కడ నాకు తెలిసివచ్చిన విషయం మన బ్లాగు మిత్రులకు ప్రత్యేకించి నచ్చుతుంది.

1977 నాటి ట్రాక్టరుకు 2022లో తయారైన కల్టివేటరు తగులుతుందా అని నా సందేహం. తగిలింది. ఒక్క సుత్తి దెబ్బ వేయనక్కరలేకుండా తగిలింది. కారణం, హ్యారీ ఫెర్గూసన్ అనే ఐరిష్ ఇంజనీరు గత శతాబ్దపు 20వ, 30వ దశకాలలో రూపొందించిన మూడు బిందువుల లింకేజి. కింద రెండు చేతులు, పైన ఒక లింకు. అంతకు ముందు నాగలిని గొలుసుతో కట్టి లాగేవారు. నాగలి రాయికి తగిలితే ట్రాక్టరు ముందుభాగం పైకి లేచి వెనక్కు తిరగబడేది. మూడు చోట్ల బిగించడంతో నాగలి, ట్రాక్టరు ఒకే శరీరమయ్యాయి. 1946 నుండి 1956 వరకు ఫెర్గూసన్ పేరిట ఐదు లక్షలకు పైగా చిన్న ట్రాక్టర్లు వచ్చి ఈ పద్ధతిని లోకమంతా పరచాయి. తరువాత అదే అందరి ప్రమాణమైంది. ఈ తరగతి ట్రాక్టర్లలో కింది చేతుల పిన్ను 22 మిల్లీమీటర్లు, పై లింకు పిన్ను 19 మిల్లీమీటర్లు. వెనుక శక్తినిచ్చే షాఫ్టు నిమిషానికి 540 చుట్లు, ఆరు గాళ్ళు. బ్ర్నోలో గీసి పింజోరులో చేసిన ట్రాక్టరుకు మరొక రాష్ట్రంలోని పనిముటు తగలడం వెనుక ఇంతటి ఒప్పందం ఉంది.

మనకు ఇది తెలిసిన కథే కదా! ఒక్కొక్క పత్రికకు ఒక్కొక్క ఖతి ఉన్న రోజులు గుర్తున్నాయా? ఆ ఖతి లేకపోతే తెలుగు అంతా పిచ్చి గీతలు. ఆ సంస్థ మూతపడితే దాని అక్షరాలు కూడా మూగబోయేవి. యూనికోడు వచ్చాక ఎక్కడ వ్రాసినా, ఎక్కడ చదివినా తెలుగు తెలుగే. ట్రాక్టరుకు మూడు బిందువుల లింకేజి యూనికోడు వంటిది. తయారుచేసిన వాడు పోయినా వస్తువు బ్రతకాలంటే, దాని అతుకులు అందరివీ కావాలి.

మేము ఏడు కర్రుల కల్టివేటరు కొన్నాము. 25 అశ్వశక్తికి అంతకంటే పెద్దది పెడితే ఇంజను రొప్పుతుంది. వెనుక టైర్లు 12.4-28 కొలతవి, కొత్తవి. దమ్ముకు కావలసిన ఇనుప చక్రాలు మాత్రం కొనలేదు, చేయించాము. యాంగిళ్ళు తెచ్చి వంచి, వెల్డింగు చేసి, టైర్ల పక్కన బిగించేలా చేశారు. యాంగిళ్ళ మీద అచ్చు చూశాను. విశాఖ ఉక్కువి. మామయ్య పొలాన్ని తీసుకున్న ఇనుము నలభై ఏళ్ళకు ఆయన ట్రాక్టరుకు చక్రాలై వచ్చింది. ఇందులో న్యాయం జరిగిందని అనను. బాకీ తీరిందని కూడా అనను. ఊరకే చూస్తూ నిలబడ్డాను.

*

ఇప్పుడు ఎదుటి వాదం వినాలి. పాత ట్రాక్టర్లన్నిటినీ బాగుచేసుకోవాలని నేను అనడం లేదు. దిమ్మె గాని గేరుపెట్టె గాని పగిలితే ఆలోచించాలి. పోత ఇనుమును అతకడం తేలిక కాదు. ముందు వేడి చేయాలి, నికెలు కడ్డీ వాడాలి, మెల్లగా చల్లార్చాలి. అయినా నమ్మకం తక్కువ. పొగ ఎక్కువన్నది నిజం. అన్నిటికంటే ముఖ్యం భద్రత. మా ట్రాక్టరుకు బోల్తాపడితే కాపాడే చట్రం లేదు. స్వీడన్ 1959లోనే కొత్త ట్రాక్టర్లకు దానిని తప్పనిసరి చేసి మరణాలను బాగా తగ్గించుకుంది. తిరిగే షాఫ్టు మీద కవచం లేక పంచె, చీర కొంగు చుట్టుకొని జరిగిన ఘోరాలు పల్లెలలో అందరికీ తెలుసు. అందుకే నా నియమం ఒకటి: రంగు ఆఖరున, బ్రేకులు మొదట. పాత యంత్రానికి రంగు వేసి మురిసిపోయేవారు ముందు బ్రేకు, షాఫ్టు కవచం, దీపాలు, తొట్టి వెనుక ఎర్ర రిఫ్లెక్టరు చూసుకోవాలి. తొట్టిలో మనుషులను ఎక్కించకూడదు. ఇనుప చక్రాలు విప్పకుండా తారు రోడ్డెక్కకూడదు. ఇవి చేయలేనివారు పాత ట్రాక్టరును ముట్టకపోవడమే మేలు.

మరి కొత్తది కొనుక్కోరాదా అంటే, సన్నకారు రైతుకు కొత్తదంటే కొత్త అప్పు. మా మామయ్య కథలో అప్పు కూడా ఒక పాత్రే. పైగా కొత్త యంత్రాలకు ఇంకొక చిక్కు వస్తోంది. ప్రపంచంలో పెద్ద ట్రాక్టర్లు ఇప్పుడు కంప్యూటర్లు. మరమ్మతు చేయాలంటే కంపెనీ సాఫ్టువేరు తాళం తీయాలి. అమెరికాలో రైతులు దీని మీద పోరాడి, కొలరాడో రాష్ట్రంలో 2023లో వ్యవసాయ యంత్రాల మరమ్మతు హక్కు చట్టం తెచ్చుకున్నారు. మన కేంద్ర ప్రభుత్వం కూడా 2022లో మరమ్మతు హక్కు మీద ఒక సంఘాన్ని నియమించి, అదే డిసెంబరులో ఒక పోర్టల్ ప్రారంభించింది. అందులో పేర్కొన్న నాలుగు రంగాలలో వ్యవసాయ పరికరాలు ఒకటి. సంతోషమే. కాని హక్కు అనేది కాగితం. రైతు చేతికి కావలసింది బొమ్మలతో కూడిన పుస్తకం, కొలతలు, సామాను.

2021లో పురాతన వాహనాలకు కేంద్రం నియమాలు తెచ్చింది. 50 ఏళ్ళు దాటిన మోటారు సైకిళ్ళకు, కార్లకు ప్రత్యేక గుర్తింపు, ప్రత్యేక నంబరు. ట్రాక్టరు ఆ జాబితాలో లేదు. 2027లో మా ట్రాక్టరుకు 50 నిండుతాయి. ఏ జమీందారు గారి కారుకో దక్కే గౌరవం, ఇన్ని పుట్ల ధాన్యం పండించిన యంత్రానికి దక్కదేమిటని మొదట కోపం వచ్చింది. తరువాత నియమాలు చదివితే, ఆ గుర్తింపు పొందిన వాహనం మామూలు పనులకు రోడ్డెక్కకూడదట, ప్రదర్శనల వంటి వాటికి మాత్రమేనట. కోపం పోయింది. మా ట్రాక్టరుకు ఆ పతకం వద్దు. పని చేయనివ్వండి, అదే గౌరవం.

కావున నేను కోరేది వేరు. హెచ్.ఎం.టి. ప్రజల సొమ్ముతో నడిచిన సంస్థ. ఆ ట్రాక్టర్ల భాగాల నమూనా చిత్రాలు, కొలతలు, మరమ్మతు పుస్తకాలు ప్రజల ఆస్తి. కర్మాగారాన్ని మూయవచ్చు, ఆ జ్ఞానాన్ని బీరువాలో మూయకూడదు. వాటిని ఎవరైనా చూసుకునేలా బహిరంగంగా ఉంచాలి. అప్పుడు మా బుష్షు కోసం మూడు వారాలు తిరగనక్కరలేదు. ఏ లేతు మేస్త్రీ అయినా ఒక పూటలో చేసిపెడతాడు. కంచరపాలెం పాలిటెక్నిక్, ఐ.టి.ఐ.ల వంటి చోట్ల ఒక పాత ట్రాక్టరును విద్యార్థుల ముందు పెట్టి విప్పించి బిగింపజేస్తే, పిల్లలకు చదువూ వస్తుంది, పల్లెకు మెకానిక్కులూ వస్తారు.

ఇక మనం. ఆ మేస్త్రీ గారి దగ్గర నాలుగు నెలలు కూర్చున్నాను. ఆయన చెప్పినవి నోటు పుస్తకంలో వ్రాసుకున్నాను. డీజిలు గొట్టంలో గాలి చేరితే ఏ స్క్రూ ముందు వదులు చేయాలో, బుడగలు ఆగే దాకా చేతి పంపు ఎలా కొట్టాలో, నల్ల పొగకు, తెల్ల పొగకు, నీలి పొగకు తేడా ఏమిటో. నల్లదైతే డీజిలు ఎక్కువో గాలి తక్కువో, నీలమైతే ఇంజను నూనె కాలుతోంది, తెల్లదైతే డీజిలు సరిగా మండడం లేదు. ఇవన్నీ తెలుగులో నేను చదివిన మొదటిసారి నా నోటు పుస్తకంలోనే. మామయ్యకు ట్రాక్టరుతో ఇచ్చిన పుస్తకం ఇంగ్లీషులో ఉంది. అమ్మ దానిని పెట్టెలో పసుపు గుడ్డలో చుట్టి దాచింది. మామయ్య గాని నాన్నగారు గాని దానిని ఒక్కసారి కూడా చదవలేదు. చదవలేరు.

మనం తెలుగును వెబ్బులోకి తెచ్చామని చెప్పుకుంటాము. నిజమే, కథలు తెచ్చాము, పద్యాలు తెచ్చాము, వాదోపవాదాలు సమృద్ధిగా తెచ్చాము. ఒక ఇంజను ఎలా విప్పాలో, ఒక మోటారు ఎలా చుట్టాలో, ఒక మగ్గం ఎలా బిగించాలో ఎంత తెచ్చాము? ఆ విద్యలున్నవారు వ్రాయరు, వ్రాసేవారికి ఆ విద్యలు లేవు. నడుమ కూర్చొని వ్రాసుకునే ఓపిక ఉన్నది మనకే. మీ ఊరిలోని ఒక్క మేస్త్రీ దగ్గర నాలుగు ఆదివారాలు గడపండి. ఆయన వాడే మాటల్లోనే వ్రాయండి. పిస్టనుకు సంస్కృతంలో పేరు వెదకవద్దు. ఆయన పిస్టను అంటే పిస్టనే.

ఆ జూలైలో తొలకరి పడిన తరువాత ట్రాక్టరు మడిలో దిగింది. మొదటి చాలు నేను తోలబోతే వంకర పోయింది. మేస్త్రీ గారు నన్ను దింపి, తానే ఎక్కి, దమ్ము చేసి చూపించాడు. డబ్బు తీసుకొని వెళ్ళబోతూ, “పొగ్గొట్టం మీద డబ్బా మూత ఎయ్యండి బాబూ, మరచిపోకండి” అన్నాడు.

మరచిపోలేదు. పాలడబ్బా ఒకటి బోర్లించి పెడుతున్నాను. నా నోటు పుస్తకంలోనివి ఒక్కొక్కటిగా ఇక్కడ పెడతాను. తప్పులుంటే తెలిసినవారు వ్యాఖ్యలలో దిద్దగలరు.